వెడల్పు కాళ్ల ప్యాంటు వదులుగానే ఉంది, కూర్చుంటే మాత్రం వెనక లాగుతోంది

ప్రశ్న: కొత్తసూది

అందరికీ నమస్కారం. దిండు గలీబులు, సంచులు, పిల్లల గౌన్లు కుట్టుకుంటూ రెండేళ్లుగా మిషనుకు అలవాటు పడిన నేను ఈ మధ్యనే మొదటిసారి ప్యాంటు కుట్టడానికి పూనుకున్నాను. ఇంట్లో రోజంతా తొడుక్కుని పని చేసుకోవడానికి వీలుగా, నడుముకు ఎలాస్టిక్, పక్కలకు జేబులు, తుంటి నుంచి పాదాల దాకా జారే వెడల్పాటి కాళ్లు ఉన్న ఒక ప్యాటర్న్ (గుడ్డ కత్తిరించుకోవడానికి గీసిన కాగితపు అచ్చు) కొని, దాన్ని ఇంట్లోనే ముద్రించుకుని, కాగితాలు ఒకదానికొకటి అతికించి, అందులో చెప్పిన వరుస ఎక్కడా తప్పకుండా కుట్టాను.

ఒక్క విషయంలో మాత్రం నా ఇష్టప్రకారం నడుచుకున్నాను. నా తుంటి కొలత 104 సెంటీమీటర్లు, నడుము 80, ఎత్తు 157. పట్టికలో నా తుంటికి సరిపోయే సైజు ఉన్నప్పటికీ, సుఖంగా ఉండాలంటే వదులుగా ఉండాలి కదా అన్న ఆలోచనతో దాని పై సైజు కత్తిరించాను. నిలబడి అద్దంలో చూసుకుంటే ఎక్కడా బిగుతు లేదు. తొడల దగ్గర గుప్పెడు గుడ్డ చేతికి వస్తోంది. కుర్చీలో కూర్చోగానే మాత్రం వెనక నడుము పట్టీ నాలుగు సెంటీమీటర్ల మేర కిందికి దిగిపోతోంది. నేల మీద బాసింపట్టు వేసుకుంటే రెండు కాళ్లూ కలిసే చోట కుట్టు ఒరుసుకుంటోంది. మా అక్క వెనక నుంచి ఫోటో తీసి చూపించింది: పిరుదుల కింద నుంచి కాళ్ల మధ్యకు రెండు వైపులా ఏటవాలుగా ముడతలు పడుతున్నాయి. మూడోసారి తొడుక్కున్న రోజు, కింద పడిన గుండుసూదులు ఏరుకోవడానికి వంగితే, ఆ కుట్టు బెత్తెడు పొడవున పిగిలిపోయింది.

ఇంత గుడ్డ ఉన్న ప్యాంటు ఆ ఒక్కచోటే ఎందుకు పట్టేస్తోందో నాకు అంతుబట్టడం లేదు. ఇంకా పెద్ద సైజు తీసుకోవాలా, లేక వంపు దగ్గర ఇంకొంత కత్తిరించి లోతు పెంచాలా? దీనితోపాటు మరో రెండు సందేహాలు కూడా ఉన్నాయి. నేను వాడిన మందపాటి నూలు గుడ్డ కాళ్ల మీద జారకుండా గుడారంలా నిలబడుతోంది. ఎలాస్టిక్ రెండు ఉతుకులకే లోపల మెలి తిరిగింది. రెండో ప్యాంటుకు గుడ్డ కొనే ముందే ఈ సంగతులు సరిగా తెలుసుకోవాలని ఉంది.

సమాధానం: పడుగుపేక

కొత్తసూది గారికి నమస్కారం. ఇటువంటి ప్యాంటు సుఖమంతా సీటులో ఉంటుందండీ, కాళ్ల వెడల్పులో కాదు. ముందు నడుము దగ్గర మొదలై, రెండు కాళ్ల మధ్య నుంచి తిరిగి, వెనక నడుము దాకా వెళ్లే కుట్టును నేను సీటు కుట్టు అంటాను. ఆ కుట్టు పొడవు, దాని వంపు మీ ఒంటికి సరిపోకపోతే, కాళ్లు దుప్పటంత వెడల్పు ఉన్నా ప్యాంటు మిమ్మల్ని కూర్చోనివ్వదు.

ఒక సైజు పైకి వెళ్లినప్పుడు చుట్టుకొలత నాలుగైదు సెంటీమీటర్లు పెరుగుతుంది గానీ సీటు లోతు, అంటే కూర్చున్నప్పుడు నడుము నుంచి కుర్చీ పలక దాకా ఉండే నిలువు కొలత, సాధారణంగా అర సెంటీమీటరుకు అటూ ఇటూగానే పెరుగుతుంది. మీకు గుడ్డ కావలసింది నిలువులో, అది దొరికింది అడ్డంలో. మనం కూర్చున్నప్పుడు ఒంటి వెనక భాగం నిలబడినప్పటి కన్నా పొడవవుతుంది. పడుగు పేకలతో నేసిన గుడ్డ సాగదు కాబట్టి ఆ పొడవును ఎక్కడి నుంచో తెచ్చుకోవాలి, ఎలాస్టిక్ ఉన్న నడుము తేలిగ్గా లొంగుతుంది కాబట్టి అక్కడి నుంచే లాక్కుంటుంది. మీ పట్టీ కిందికి దిగిన ఆ నాలుగు సెంటీమీటర్లే, ఇంచుమించుగా, మీ ప్యాంటు వెనక భాగానికి తక్కువైన గుడ్డ.

వంపును ఇంకా లోతుగా కత్తిరించాలన్న ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. అలా చేస్తే సీటు కుట్టు కొద్దిగా పొడవవుతుంది, నిజమే, కానీ కాళ్లు కలిసే చోటు కిందికి జారిపోతుంది. అది బాగా కిందికి జారిన ప్యాంటుతో మెట్టు ఎక్కితే, ఒక కాలు ఎత్తగానే రెండో కాలి గుడ్డ కూడా దానితో పాటు పైకి లేస్తుంది. మీరు రాసిన ఏటవాలు ముడతలు వెనక ముక్కలో తొడ లోపలి వైపు గుడ్డ చాలలేదని చెబుతున్నాయి. అది లోతు పెంచితే తీరే లోటు కాదు.

అందుకని ముందుగా మూడు కొలతలు తీసుకోండి. నడుము చుట్టూ, మీకు పట్టీ ఎక్కడ ఉండాలనిపిస్తుందో అక్కడ, ఒక సన్నని ఎలాస్టిక్ కట్టుకుని, మెత్త లేని గట్టి కుర్చీ మీద నిటారుగా కూర్చోండి. పక్క నుంచి ఆ ఎలాస్టిక్ దగ్గర టేపు పెట్టి కుర్చీ పలక దాకా కొలిస్తే వచ్చేది సీటు లోతు. తరువాత లేచి నిలబడి, ముందు వైపు ఎలాస్టిక్ నుంచి కాళ్ల మధ్యగా వెనక ఎలాస్టిక్ దాకా టేపును బిగించకుండా, వేలాడనివ్వకుండా పట్టుకుని చదవండి. ఆ మొత్తంలో ముందు ఎంత, వెనక ఎంత అన్నది మూడో కొలత, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది కూడా. తొడ లోపలి కుట్టు ఎక్కడికి రావాలో అక్కడ టేపుకు ఒక చిన్న పిన్నీసు గుచ్చుకుంటే, టేపు తీశాక రెండు భాగాలూ విడివిడిగా లెక్క తేలుతాయి. ఒకే తుంటి కొలత ఉన్న ఇద్దరిలో ఒకరికి వెనక భాగం ఎక్కువగా, ఇంకొకరికి పొట్ట వైపు ఎక్కువగా ఉండవచ్చు. పట్టికలోని తుంటి అంకె ఆ తేడాను చెప్పలేదు.

అవే కొలతలను ప్యాటర్న్ మీద కూడా చూడండి. కత్తిరించిన అంచు మీద కాకుండా, కుట్టుకు వదిలిన మార్జిన్ తీసేసి, కుట్టు పడే గీత వెంట కొలవాలి. వంపు దగ్గర టేపును కాగితం మీద పడుకోబెడితే తప్పు వస్తుంది. టేపును దాని అంచు మీద నిలబెట్టి, గీత వెంబడి వంచుకుంటూ వెళితే సరిగా వస్తుంది. ఆ అంకెలు ఇక్కడ రాస్తే ఎంత మార్చాలో అందరం కలిసి లెక్క చూద్దాం.

కొత్తసూది

ఎంతో ఓపికగా రాశారు, ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే రెండుసార్లు కొలిచాను. కూర్చుని తీసిన సీటు లోతు 26.5 సెంటీమీటర్లు. నిలబడి తీసిన మొత్తం పొడవు 72, అందులో ముందు 33, వెనక 39. నేను కత్తిరించిన కాగితం మీద కుట్టు గీత వెంట చూస్తే లోతు 28 వచ్చింది, సీటు కుట్టు ముందు ముక్కలో 33.5, వెనక ముక్కలో 36.5 ఉంది. ఇదంతా పట్టీ లేకుండా, ప్యాంటు పై అంచు దాకా వేసిన లెక్క. ముందు ముక్క నా ఒంటికన్నా కొద్దిగా ఎక్కువే ఉండగా, వెనక ముక్క రెండున్నర సెంటీమీటర్లు తక్కువ ఉందని చూసి నాకే ఆశ్చర్యమేసింది. సైజు పెంచుకుని కూడా ఇంత తేడా ఉంటుందని అనుకోలేదు.

సమాధానం: నిలువుగీత

కొత్తసూది గారూ, లెక్కలోకి వెళ్లే ముందు ఒక చిన్న పని చేయండి. ఇంట్లో ముద్రించుకునే దాదాపు ప్రతి ప్యాటర్న్‌లోనూ మొదటి కాగితాల్లో ఎక్కడో ఒక పరీక్ష చతురస్రం ఉంటుంది, దాని పక్కన భుజం పొడవు ఎంత ఉండాలో రాసి ఉంటుంది. దాన్ని స్కేలుతో కొలిచి చూడండి. ముద్రించేటప్పుడు నూరు శాతం అన్నది ఎంచుకోకుండా, కాగితానికి సరిపోయేలా అన్న ఎంపికను వదిలేస్తే, యంత్రం బొమ్మను రెండు మూడు శాతం కుదించేస్తుంది. ఒక్క కాగితం మీద అది కంటికి కనిపించదు. 70 సెంటీమీటర్ల సీటు కుట్టులో మూడు శాతం అంటే రెండు సెంటీమీటర్లకు పైనే పోయినట్టు.

ఇక మార్పు విషయం. కూర్చున్నా వంగినా లాగకుండా ఉండటానికి వెనక పొడవు ఒంటి కొలత మీద రెండు సెంటీమీటర్లయినా అదనంగా ఉండాలి, అంటే మీకు 41 కావాలి. ముందు 34 ఉంటే చాలు. లోతు ఒంటి కొలత మీద సెంటీమీటరున్నర నుంచి రెండున్నర దాకా ఎక్కువ ఉండవచ్చు, అది మీకు ఇప్పటికే ఉంది కాబట్టి దాని జోలికి వెళ్లవద్దు. మారవలసింది ఒక్క వెనక ముక్క.

నేనైతే ఆ లోటులో సుమారు నాలుగు సెంటీమీటర్లను రెండు చోట్ల పంచుతాను. వెనక ముక్క మీద తుంటి మట్టానికి, వెనక నడిమి గీతకు లంబంగా ఒక గీత గీసి, దాని వెంట పక్క కుట్టు వైపుకు కత్తిరించుకుంటూ వెళ్లండి. పక్క కుట్టు గీత దగ్గర నూలుపోగంత కాగితం మాత్రం తెగకుండా ఉంచండి. ఇప్పుడు పై భాగాన్ని ఆ పోగు ఆధారంగా తలుపులా తిప్పి, వెనక నడిమి గీత దగ్గర రెండున్నర సెంటీమీటర్ల ఖాళీ వచ్చేలా తెరవండి. ఆ ఖాళీ కింద వేరే కాగితం పెట్టి అతికిస్తే, పక్క కుట్టు పొడవు మారకుండా వెనక మాత్రమే పొడవవుతుంది. అందువల్లనే జేబులు గానీ ముందు ముక్కతో కలిసే గీత గానీ చెడిపోవు. వెనక నడిమి గీత మధ్యలో విరిగినట్టు కనిపిస్తుంది, దాన్ని మళ్లీ తిన్నగా దిద్దండి. పడుగు పోగు గీతను (గుడ్డ నిలువు పోగు ఎటు ఉండాలో చూపే గీతను) కింది భాగంలో ఉన్నదాని ప్రకారమే పైకి పొడిగించాలి, తిప్పిన పై భాగాన్ని చూసి కాదు.

మిగతా సెంటీమీటరున్నరను తొడ లోపలి కొన దగ్గర కలపండి. సీటు వంపు చివర కొక్కెంలా బయటికి వచ్చే ఆ కొనను సెంటీమీటరున్నర ముందుకు జరిపి, అక్కడి నుంచి మోకాలి దాకా లోపలి కుట్టు గీతను నెమ్మదిగా పాత గీతలో కలిపేయండి. మీ ఫోటోలో కనిపించిన ఏటవాలు ముడతలకు మందు ఇదే. ఇలా చేసిన తరువాత ముందు, వెనక ముక్కల లోపలి కుట్టు పొడవులను పక్కపక్కన పెట్టి సరిచూసుకోండి. వెనకది ముందుదాని కన్నా అర సెంటీమీటరు తక్కువగా ఉంటే కంగారు పడవద్దు. చాలా ప్యాటర్న్‌లలో కావాలనే అలా గీస్తారు, తొడ పై భాగంలో వెనక గుడ్డను కొద్దిగా సాగదీస్తూ కుడితే పిరుదుల కింద గుడ్డ చక్కగా కూర్చుంటుంది. వెనకదే ఎక్కువైతే మాత్రం గీతను మళ్లీ చూసుకోవాలి.

ఎత్తు సంగతి కూడా చెబుతాను. పెద్ద సంఖ్యలో అమ్ముడయ్యే అమెరికా ప్యాటర్న్‌లు 165 నుంచి 168 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషిని దృష్టిలో పెట్టుకుని గీసినవి. మీ ఎత్తుకు కాలు కొంత తగ్గించవలసి వస్తుంది. కిందికి పోయేకొద్దీ విచ్చుకునే కాలయితే ఆ తగ్గింపునంతా అడుగున కత్తిరించకండి, అడుగు ఘేరు తగ్గిపోతుంది. మోకాలికి కొంచెం పైన కాగితం మీద అడ్డంగా మడత వేసి, పక్క గీతలను దిద్దుకోండి.

కొత్తసూది

నిలువుగీత గారూ, చతురస్రం భుజం 10 సెంటీమీటర్లు ఉండాలని రాసి ఉంది, నా కాగితం మీద 9.7 ఉంది. ఆ చతురస్రాన్ని అంత దగ్గరగా చూడటం ఇదే మొదటిసారి. ఈసారి నూరు శాతం అని ఎంచుకుని, నా తుంటికి సరిపోయే సైజునే మళ్లీ ముద్రించాను. ఇప్పుడు ముందు 34, వెనక 37 వచ్చాయి. అంటే ముందు ముక్క సరిపోయింది, వెనక నాలుగు సెంటీమీటర్లు తక్కువ. మీరు చెప్పిన రెండున్నర, ఒకటిన్నర కలిపితే సరిగ్గా అంతే అవుతోంది. గుడ్డ కోసే ముందు పాత దుప్పటితో ఒకటి కుట్టి చూడమంటారా?

సమాధానం: కత్తెరపదును

కొత్తసూది గారూ, తప్పకుండా కుట్టి చూడండి, కానీ దుప్పటి ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. మీరు చివరికి వాడబోయే గుడ్డ పల్చగా జారేదైతే, నమూనాకు వాడేది కూడా ఉతికి ఉతికి మెత్తబడిన పల్చటి దుప్పటి కావాలి. గట్టి గుడ్డతో కుట్టిన నమూనాలో వచ్చే ముడతలు కొన్ని గుడ్డ వల్ల వచ్చినవే అయి ఉంటాయి, వాటిని చూసి కాగితం దిద్దితే లేని తప్పును దిద్దినట్టవుతుంది. నమూనాకు జేబులు, అంచు మడతలు అక్కరలేదు. మోకాలి దాకా కాలు ఉంటే చాలు. మిషను మీద పొడవాటి కచ్చా కుట్టు వేసి, నడుముకు ఒక ఎలాస్టిక్‌ను పైనే కట్టుకుని, అద్దం ముందు నిలబడటంతో సరిపెట్టకుండా కూర్చుని, వంగి, గొంతుక్కూర్చుని, మెట్లు ఎక్కి చూడండి.

గుడ్డ విషయంలో మీ అనుమానం నిజమే. వెడల్పు కాలు అందంగా ఉండాలంటే గుడ్డకు జారే గుణం ఉండాలి. రేయాన్, మెత్తని లినెన్, క్రేప్, పల్చటి నూలు గుడ్డ దీనికి సరిపోతాయి. కొనే ముందు ఒక మూలను వేళ్ల మధ్య పట్టుకుని మీటరు గుడ్డను కిందికి వదిలి చూడండి. అది నీటి ధారలా సన్నగా, లోతైన మడతలతో పడితే కాలు కూడా అలాగే పడుతుంది. శంకువులా విచ్చుకుని నిలబడితే కాలు కూడా అలాగే నిలబడుతుంది. లినెన్ మొదట్లో కొంచెం బిర్రుగా ఉన్నా ఉతికేకొద్దీ మెత్తబడుతుంది కాబట్టి దానికి కొంత మినహాయింపు ఇవ్వవచ్చు. రేయాన్ అన్నిటికన్నా బాగా జారుతుంది, కానీ తడిసినప్పుడు దాని బలం తగ్గుతుంది, కాబట్టి గట్టిగా పిండకూడదు.

ఏ గుడ్డయినా, తరువాత ఎలా ఉతుకుతారో అలాగే ఒకసారి ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసిన తరువాతనే కత్తెర పట్టండి. నూలు, లినెన్, రేయాన్ మూడూ కుదించుకుపోయేవే, అందులోనూ పొడవు వైపే ఎక్కువ. రెండున్నర మీటర్ల గుడ్డలో నాలుగు శాతం పోతే పది సెంటీమీటర్లు పోయినట్టే; కుట్టిన తరువాత ఆ పది పోతే మీరు కష్టపడి సరిచేసిన సీటు కూడా దానితోనే పొట్టిదవుతుంది. ఈ ఒక్క పని మానేసి, మంచి లినెన్ ప్యాంటును ఒక్క ఉతుకుతో పోగొట్టుకున్నాను నేను.

కాలు వెడల్పుగా ఉన్న ముక్కలు కాబట్టి పడుగు పోగు తప్పితే వెంటనే తెలిసిపోతుంది, నడుస్తుంటే ఒక కాలు కుట్టు ముందుకు తిరిగి వస్తుంది. ప్యాటర్న్ మీది పోగు గీత పై కొన నుంచి గుడ్డ అంచు దాకా ఎంత దూరం ఉందో, కింది కొన నుంచి కూడా సరిగ్గా అంతే ఉండాలి. జారే గుడ్డను బల్ల మీద పరిచేటప్పుడు అడుగున పల్చటి కాగితం వేసుకుని, గుండుసూదులకు బదులు బరువులు పెట్టి, కాగితంతో కలిపి కత్తిరిస్తే గుడ్డ కదలదు.

ఇక మీ పిగిలిన కుట్టు. అక్కడ ఒకే వరుస కుట్టు, అదీ పొడవాటిది వేసి ఉంటారని నా అనుమానం. ముందు ఒక్కొక్క కాలికి లోపలి కుట్టు, పక్క కుట్టు వేసి, ఒక కాలిని మంచి వైపుకు తిప్పి, ఇంకో కాలు తిరగ వైపే ఉండగా దాని లోపలికి దూర్చండి. అప్పుడు రెండు సీటు వంపులూ మంచి వైపులు ఎదురెదురుగా పక్కపక్కనే వస్తాయి. లోపలి కుట్లు రెండూ ఒకదానికొకటి ఆనేలా గుండుసూది గుచ్చి, అక్కడి నుంచి నడుము వైపుకు సర్దుకుంటూ వెళ్లి, రెండున్నర మిల్లీమీటర్ల కుట్టుతో మొత్తం ఒకే ఊపులో కుట్టండి. కిందున్న వంపు భాగంలో మాత్రం అదే గీత మీద, లేదా రెండు మిల్లీమీటర్లు మార్జిన్ వైపుకు, రెండో వరుస వేయండి. ఆ భాగం ఐమూల పోగు మీద, అంటే పోగులకు ఏటవాలుగా, పడుతుంది కాబట్టి గుడ్డ సాగుతుంది, దారం సాగదు. కుట్టు పొడవుగా, ఒంటరిగా ఉంటే తెగేది అక్కడే.

ఆ తరువాత వంపు అడుగున ఉన్న మార్జిన్‌ను సుమారు ఆరు మిల్లీమీటర్లకు తగ్గించి, అంచు పోగులు ఊడకుండా జిగ్‌జాగ్ గానీ ఓవర్‌లాక్ గానీ చేయండి. అక్కడి కుట్టును విప్పదీసి ఇస్త్రీ చేయకూడదు, పైకి నిలబడి ఉండనివ్వాలి. మీరు ఒరుసుకుంటోందని రాసిన దానికి సగం కారణం గుడ్డ తక్కువ కావడమైతే, మిగతా సగం అక్కడ మిగిలిన వెడల్పాటి, గట్టి మార్జిన్ అయి ఉంటుంది. సూది సంగతి మరిచిపోకండి: రేయాన్ వంటి పల్చటి గుడ్డకు 70, మామూలు నూలుకు, లినెన్‌కు 80 నంబరు సూది వాడండి. మొద్దుబారిన సూదితో రేయాన్ కుడితే పోగులు లాగేసి గీతలు పడతాయి.

సమాధానం: నాడాముడి

ఎలాస్టిక్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి అది నేను చెబుతాను. మెలి తిరగడానికి ముఖ్య కారణం, దాన్ని దూర్చిన మడత అవసరానికి మించి వెడల్పుగా ఉండటం. నాలుగు సెంటీమీటర్ల ఎలాస్టిక్‌కు లోపలి వెడల్పు నాలుగు సెంటీమీటర్ల మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటే చాలు. రెండు కొసలను ఒకదాని మీద ఒకటి సెంటీమీటరున్నర పెట్టి జిగ్‌జాగ్‌తో చతురస్రంగా కుట్టండి. కొసలను ఎదురెదురుగా పెట్టి కుడితే అక్కడ గట్టి ముడిలా తగులుతుంది. ఎలాస్టిక్ అంతా సమంగా పరుచుకునేలా నడుమును రెండు మూడుసార్లు పూర్తిగా సాగదీసి వదిలిన తరువాత, పక్క కుట్ల మీద, వెనక నడిమి కుట్టు మీద, ఆ కుట్టు గాడిలోనే పై నుంచి కిందికి మిషను నడపండి. ఇక అది ఎన్ని ఉతుకులకైనా తిరగదు.

ఎలాస్టిక్ పొడవు విషయంలో ప్యాటర్న్ పట్టికను నమ్మకండి. మీ నడుము 80 కాబట్టి 73 నుంచి 75 దాకా కత్తిరించి, కొసలకు పిన్నీసు పెట్టుకుని, ఒంటి మీద అలాగే ఉంచుకుని అరగంట పని చేసుకోండి, మధ్యలో ఒకసారి భోజనానికి కూర్చోండి. సన్నని మెత్తటి ఎలాస్టిక్‌కూ వెడల్పాటి గట్టి ఎలాస్టిక్‌కూ ఒకే పొడవు పనికిరాదు. దాని బిగువును చెప్పగలిగింది మీ నడుమే.

ముందు వైపు కుచ్చులు పొట్ట మీద గుత్తిగా కనిపించడం నచ్చకపోతే, ముందు పట్టీకి అంటించే కాన్వాస్ (ఇస్త్రీ వేడికి అంటుకునే గట్టి గుడ్డ) వేసి చదునుగా ఉంచి, వెనక మాత్రమే ఎలాస్టిక్ పెట్టుకునే పద్ధతి ఉంది. నాకు అదే ఇష్టం. అందులో ఒక లెక్క తప్పకుండా చూసుకోవాలి: జిప్పు లేని ప్యాంటు తుంటి మీదుగా ఎక్కాలి. ముందు పట్టీ 44 సెంటీమీటర్లు చదునుగా ఉంటే, వెనక భాగం సాగినప్పుడు కనీసం 60 రావాలి, మొత్తం మీ 104 అవుతుంది. వెనక గుడ్డ పట్టీ 62 పెట్టుకోండి. లోపల 32 సెంటీమీటర్ల ఎలాస్టిక్ వేస్తే అది దాదాపు రెట్టింపు సాగగలగాలి. కొనేటప్పుడే పది సెంటీమీటర్ల మేర పట్టుకుని సాగదీసి, స్కేలు మీద ఎంతకు వస్తోందో చూడండి. అంత సాగనిదైతే ముందు నుంచి వెనకకు వచ్చే చదును భాగాన్ని తగ్గించి, ఎలాస్టిక్ పొడవు పెంచుకోవాలి.

పొడవు తేల్చే ముందు ప్యాంటును ఒక రోజు హ్యాంగరుకు వేలాడదీసి ఉంచండి. విచ్చుకున్న కాలికి పక్క కుట్ల దగ్గర గుడ్డ ఐమూలగా ఉంటుంది కాబట్టి ఆ భాగం కిందికి జారుతుంది; జారకముందే మడిస్తే పక్కలు పొడవై వంకర తేలుతుంది. మీరు సాధారణంగా వేసుకునే చెప్పులతో నిలబడి, అడుగు అంచు నేలకు రెండు సెంటీమీటర్లు ఎత్తులో ఉండేలా గుర్తు పెట్టించుకోండి. ఇంతకన్నా కిందికి ఉంటే మెట్లు దిగేటప్పుడు మడమ కింద పడుతుంది.

కొత్తసూది

అందరికీ మనస్ఫూర్తిగా నమస్కారాలు. పాత, మెత్తని దుప్పటితో నమూనా కుట్టాను. మొదటిసారి తొడుక్కున్నప్పుడు కుర్చీలో కూర్చుని, పట్టీ ఎక్కడ ఉందో వెనక చేయి పెట్టి చూసుకున్నాను. అది కదలలేదు. నేల మీద బాసింపట్టు వేసుకున్నాను, గొంతుక్కూర్చున్నాను, మెట్లు ఎక్కాను. అక్క మళ్లీ ఫోటో తీసింది: ఏటవాలు ముడతలు పోయాయి. పిరుదుల కింద అడ్డంగా ఒక సన్నని మడత మాత్రం మిగిలింది. అక్కడ గుడ్డను రెండు వేళ్లతో చిటికెడు పట్టుకుంటే మడత మాయమవుతోంది, కూర్చున్నప్పుడు మాత్రం ఆ చిటికెడు కావలసి వస్తోంది. కాబట్టి దాన్ని అలాగే ఉంచేద్దామని నిర్ణయించుకున్నాను.

కాగితాన్ని అట్ట మీద అతికించి, మార్చిన గీతలను ఎర్ర సిరాతో దిద్ది, తేదీ వేసి పెట్టుకున్నాను. గుడ్డకు ముదురు నీలం లినెన్ తీసుకున్నాను. నిన్న ఉతికి ఆరేస్తే 260 సెంటీమీటర్లు కాస్తా 251 అయింది. ముందు చదునుగా, వెనక ఎలాస్టిక్‌తో కుడదామని ఉంది. కొన్న ఎలాస్టిక్ పది సెంటీమీటర్లకు పద్దెనిమిదే సాగుతోంది కాబట్టి, నాడాముడి గారు చెప్పినట్టు ముందు పట్టీని 40కి తగ్గించి, వెనక గుడ్డ పట్టీని 66కు పెంచి, ఎలాస్టిక్‌ను 36 చేశాను. అది సాగితే 64.8 వస్తోంది, ముందు పట్టీతో కలిపి నా తుంటి కొలతకు మించి ఉంది.

సమాధానం: పడుగుపేక

ఆ సన్నని మడతను ఉంచేయడం సరైన నిర్ణయమండీ. నిలబడినప్పుడు వెనక ఎక్కడా గీత పడకుండా చదును చేసిన ప్యాంటు కూర్చునే సరికి లాగుతుంది. మీ లెక్క సరిగ్గానే ఉంది. ఒక్కటే జాగ్రత్త: 40 సెంటీమీటర్ల ముందు పట్టీ అంటే కాలు పై భాగాన్ని కొంత కుచ్చులుగా గానీ మడతలుగా గానీ పట్టీలోకి సర్దాలి. లినెన్‌కు కుచ్చులు గుత్తిగా కనిపిస్తాయి. పొట్టకు రెండు వైపులా, జేబుల వైపుకు తిరిగేలా ఒక్కొక్క మడత వేస్తే చదునుగా ఉంటుంది. కాన్వాస్ అంటించే ముందు ఆ మడతలను కచ్చా కుట్టుతో నిలిపి, ఒకసారి ఒంటికి పెట్టుకుని చూసుకోండి.